మూరెడు ఎత్తులో మారిపోయే నేల



ఈవేళ మెట్టకూరు నేల గురించి చెప్పుకుందాం. మెట్టకూరు యానాం జిల్లాలోని ఊరు. జిల్లా అంటున్నాం గానీ మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్లే. ఫ్రెంచివాళ్ళు 1723లో వర్తకానికి వచ్చి, మధ్యలో కొన్నిసార్లు ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నా, 1954 దాకా ఏలిన గడ్డ. ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం, చుట్టూ ఆంధ్రప్రదేశ్. ఇంత చిన్న చోట నేలలో పెద్ద తేడాలు ఏముంటాయిలే అనిపించవచ్చు. కానీ ఇక్కడ ఒక చేనుకూ పక్క చేనుకూ మధ్య మూరెడు ఎత్తు తేడా ఉంటే చాలు, పంట మారుతుంది, నీటి వాటం మారుతుంది, రైతు ఏడాది చివర లెక్క చూసుకున్నప్పుడు మిగిలేదీ మారుతుంది. ఆ మూరెడు ఎత్తు సంగతే నేను చెప్పదలచుకున్నది.

ముందు ఈ మట్టి పుట్టిల్లు చూద్దాం. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మన తీరంలో సముద్రంలో కలుస్తుంది. మహారాష్ట్రలో చాలా దూరం నల్లరాతి మీద పారుతుంది. కోట్ల ఏళ్ళ క్రితం లావా పొరలు పొరలుగా పరుచుకుని గడ్డకట్టిన రాయి అది. ఎండకూ వానకూ చివికితే నల్లరేగడి అవుతుంది. దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అడవుల్లోంచీ కొండల్లోంచీ వచ్చి ఎర్రమట్టినీ ఇసుకనూ కలుపుతాయి. వర్షాకాలం మొదట్లో యానాం దగ్గర గౌతమి రంగు మారగానే ఎర్రనీరు వచ్చిందంటారు, పులస చేప కోసం జనం రేవు దగ్గర కాపు కాస్తారు. పులస మీద ఉన్న ధ్యాస ఆ ఎరుపు మీద కూడా పెట్టాలని నాకు అనిపిస్తుంది. మన పొలాల పైపొర అంతా ఎప్పుడో ఒకప్పుడు అలా నీళ్ళలో కలిసి వచ్చిందే.

వరద గట్టు దాటినప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. నీటి వడి తగ్గగానే బరువైన ఇసుక ఏటి పక్కనే దిగిపోతుంది. దాని వెనక సన్నటి ఒండ్రు దిగుతుంది. అన్నిటికన్నా సన్నటి బంకమట్టి మాత్రం నీళ్ళతో పాటు దూరం పోయి, నీరు కదలకుండా నిలిచిన చోట నిదానంగా అడుగుకు చేరుతుంది. వేల ఏళ్ళు ఇలా జరిగితే ఏటి ఒడ్డు ఎత్తవుతుంది, ఏటికి దూరంగా ఉన్నది పల్లమవుతుంది. కొత్తవాళ్ళకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. నది పక్కన పల్లం ఉండాలి కదా అంటారు. డెల్టాలో నది పక్కనే మెరక. ఆ మెరక మీద ఊళ్ళూ కొబ్బరితోటలూ ఉంటే, వెనక పల్లంలో వరి ఉంటుంది. పాతకాలపు ఊళ్ళన్నీ ఎక్కడ కట్టారో చూస్తే మన పెద్దలకు ఈ లెక్క ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది.

ఇది ఒక్క ఏరు చేసిన పని కూడా కాదు. గోదావరికి ఏడు పాయలని చెప్పుకుంటాం. తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భరద్వాజ, కౌశిక, వశిష్ఠ. చొల్లంగి అమావాస్యనాడు జనం స్నానానికి వెళ్ళే తుల్యభాగ ఇవాళ చాలా దూరం మురుగు కాలువగా పనిచేస్తోంది. యానాం దగ్గర గౌతమి నుంచి చీలిన ఆత్రేయను మనం కోరంగి ఏరు అంటాం. పాయ పక్కకు జరిగినప్పుడల్లా పాత గట్టు ఇసుక మెరకగా మిగిలింది, పాత గర్భం పూడి పల్లమైంది. అందుకే వరిచేల నడుమ ఉన్నట్టుండి ఒక ఇసుక దిబ్బ, దాని మీద తాటిచెట్లు, జీడిమామిడి కనిపిస్తాయి. ఊళ్ళ పేర్లలో తిప్పలు కూడా అలా వచ్చినవే. ఫ్రాన్స్‌తిప్ప, ఇసుకతిప్ప, దరియాలతిప్ప అన్నీ యానాం చుట్టుపక్కలవే.

దాదాపు ఆరు వేల ఏళ్ళ క్రితం సముద్రపు ఒడ్డు ఇప్పటికన్నా చాలా లోపల ఉండేది. అంటే మెట్టకూరు ఉన్న చోట అప్పట్లో ఉప్పునీళ్ళు. నది తెచ్చి పోసిన మట్టితో సముద్రాన్ని వెనక్కి నెట్టింది. ఈ పని ఎంత వేగంగా జరుగుతుందో తెలియాలంటే కోరంగి చరిత్ర చూడాలి. ఓడలు కట్టి, ఓడలు బాగుచేసి, దేశదేశాలకు పేరు తెచ్చుకున్న రేవు. 1839 నవంబరు తుపాను దాన్ని దెబ్బతీసింది, గోదావరి ఒండ్రు దాని మొగను పూడ్చింది. వర్తకం కాకినాడకు తరలిపోయింది. కాకినాడ సముద్రానికి అడ్డంగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి ఇసుకతో గత రెండు శతాబ్దాల్లో పెరిగినదే. ఓడల వర్తకుడికి నష్టం తెచ్చిన మట్టే రైతుకు పొలమైంది. మన దగ్గర భూమి వయసు చాలా తక్కువ అన్న సంగతి మరిచిపోకూడదు. అడుగున ఉప్పు ఇంకా పూర్తిగా కడుక్కుపోలేదు.

ఇప్పుడు మెరక నుంచి పల్లానికి దిగుదాం.

మెరక మీద ఇసుక కలిసిన గరప నేల. వాన పడితే నీరు ఇట్టే ఇంకిపోతుంది, వేరుకు గాలి ఆడుతుంది. కొబ్బరికి ఇంతకన్నా ఏం కావాలి! కొబ్బరి ఉప్పును కొంతవరకు ఓర్చుకుంటుంది గానీ మొదలు దగ్గర నీరు నిలవడాన్ని ఓర్చుకోదు. మొవ్వు చిన్నబోయి, ఆకులు పసుపు తిరిగి, పిందె రాలుతుంటే ఎరువు బస్తా కోసం వెళ్ళేముందు తోటలో మురుగు పోయే దారి ఉందో లేదో చూసుకోవాలి. కొబ్బరి నీడన అరటి, కంద, పసుపు, కోకో వేసుకునే పద్ధతి మన కోనసీమది. గౌతమికి అవతల ఉన్నదే కోనసీమ కనుక ఇటు ఒడ్డునా అదే పద్ధతి. అరటిలో కర్పూర చక్కరకేళి, అమృతపాణి, కూరకు బొంత. గరప నేలకు ఉన్న లోపం ఒకటే, సారం నిలవదు. వేసిన నత్రజని వానకు కిందికి కడుక్కుపోతుంది. ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వేయడం, ఆకూ అలమూ తోటలోనే కుళ్ళనివ్వడం ఈ నేలకు తప్పనిసరి. కొబ్బరి మట్టలనూ డొక్కలనూ తగలబెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. ఇసుక నేల తేమ పట్టుకోవడానికి వాటిని మించినది లేదు, అదీ ఇంట్లోదే, కొనక్కర్లేదు.

ఏటి గర్భంలోని లంకలది వేరే దారి. వరద వచ్చినప్పుడల్లా కొత్త ఒండ్రు పడుతుంది కనుక అక్కడ కూరగాయలూ మొక్కజొన్నా దండిగా పండుతాయి. అదే వరద ఒక్కోసారి పంటతో పాటు లంకనే కోసుకుపోతుంది. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మెరక దిగితే వరి పల్లం. ఇక్కడ నేల నల్లగా, జిగటగా ఉంటుంది. ఒక గుప్పెడు మట్టి తీసి నీళ్ళతో తడిపి, ముద్ద చేసి, బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య పెట్టి పట్టీలాగా ముందుకు నొక్కండి. ఇసుక నేలైతే పట్టీ రాదు, విరిగిపోతుంది. గరప అయితే వేలి కణుపంత వచ్చి తెగుతుంది. రేగడి అయితే రెండు అంగుళాల దాకా సాగి వేలి మీద వంగుతుంది, వేలికి మెరుపు అంటుకుంటుంది. ఆ మెరుపు బంకమట్టిది. ఈ బంకమట్టి రేణువులు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. వేసవిలో కాలు దిగబడేంత నెర్రెలు విచ్చేది అందుకే. దమ్ము చేసి నీరు పెడితే ఆ నెర్రెలన్నీ మూసుకుని అడుగు బిగుస్తుంది, పెట్టిన నీరు కిందికి జారదు. వరికి ఇంత అనువైన అడుగు డబ్బుపోసి కట్టుకున్నా రాదు.

ఈ నేలలో పొటాషు సాధారణంగా ఎక్కువ, నత్రజనీ సేంద్రియ పదార్థమూ తక్కువ. ఏళ్ళ తరబడి కాంప్లెక్సు ఎరువులు వేస్తూ వచ్చాం కనుక చాలా చేలల్లో భాస్వరం పేరుకుని ఉంది. భాస్వరం ఎక్కువైతే మొక్కకు జింకు సరిగా అందదు. దాళ్వాలో, అంటే రబీలో, నాటిన కొన్ని వారాలకు ఆకు మధ్య ఈనె తెల్లబారి, తుప్పు రంగు మచ్చలు వచ్చి, చేను ఎదగక గిడసబారితే అది జింకు లోపం. తెగులనుకుని మందు కొడతారు చాలామంది. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి అయిదారు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే చేను తేరుకుంటుంది.

సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, ఈ పల్లాలను దశాబ్దాలుగా ఏలిన రకం స్వర్ణ, అంటే ఎంటీయూ 7029. పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసింది. తక్కువ నత్రజనితో బాగా పండుతుంది, కాలం మాత్రం అయిదు నెలల దాకా పడుతుంది. ముంపు పల్లాలకు దానిలోనే ముంపును ఓర్చే గుణం చేర్చిన స్వర్ణ సబ్-1 ఉంది, రెండు వారాలు నీళ్ళలో మునిగినా మళ్ళీ తేరుకుంటుంది. దాళ్వాకు తూర్పు గోదావరి వైపు పేరుపడ్డది బొండాలు. ఎంటీయూ 3626 అనే లావు గింజ రకం. ఆ బియ్యాన్ని మనం పెద్దగా తినం, ఉప్పుడు బియ్యమై కేరళ వెళ్తుంది. మన పల్లం పండించేది వాళ్ళ పళ్ళెంలో అన్నం. సార్వా కోసిన తేమ మీద మినుమో పెసరో చల్లుకునే చేలూ ఉన్నాయి. అపరాలు పడిన చేను మరుసటి సార్వాకు బలంగా ఉంటుంది, అది ప్రతి రైతుకూ అనుభవమే.

ఇంకా దిగితే చౌడు. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే మెట్టకూరు లాంటి శివారు ఊళ్ళకు అన్నిటికన్నా పెద్ద సమస్య ఇదే.

గౌతమిలో పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు ఎగువకు ఎక్కుతుంది. వరదకాలంలో నది బలం ఎక్కువ కనుక ఉప్పును బయటికి నెడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు ఆపిన వేసవిలో నది నెట్టలేదు, ఉప్పునీరు యానాం దాటి పైకి పోతుంది. అదే కాలంలో పొలంలో నీరు లేక, ఎండకు అడుగు తేమ పైకి ఎక్కి ఆవిరవుతుంది, దానితో వచ్చిన ఉప్పు పైన మిగిలిపోతుంది. ఏప్రిల్లో తెల్లవారుజామున గట్టు వెంట వెళ్తే గట్టు మొదట్లో సున్నం చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. అది తెల్ల చౌడు. ఇది ఉప్పు సమస్య. దీనికి మందు మంచినీళ్ళు. చేనును మడులు చేసి, గట్లు వేసి, కాలువ నీరు నిండా పెట్టి, కలియదున్ని, ఆ నీటిని మురుగులోకి తీసేయాలి. అలా రెండు మూడుసార్లు చేస్తే ఉప్పు దిగుతుంది. జిప్సం వేసినందువల్ల తెల్ల చౌడు పోదు.

జిప్సం పనిచేసేది కారు చౌడుకు. అక్కడ పైన నల్లటి జిడ్డు తేలినట్టుంటుంది, నీళ్ళు పెడితే ఇంకవు, ఎండితే రాయిలా బిగుస్తుంది. అది సోడియం పట్టుకున్న నేల, ఉదజని సూచిక 8.5 దాటుతుంది. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని వదిలిస్తే నీటితో కడిగేయాలి. రెండు చౌళ్ళకూ ఒకే మందు అనుకుని డబ్బు పోగొట్టుకుంటున్న రైతులు ఇవాళ్టికీ ఉన్నారు. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

చౌడు ఉన్న చేనులో కూడా వరి పండుతుంది. మచిలీపట్నం పరిశోధన స్థానం చౌడు నేలల కోసమే ఎంసీఎం వరుసలో రకాలు తయారుచేసింది. వరి ఉప్పుకు ఎక్కువ భయపడేది లేత నారుగా ఉన్నప్పుడూ పూత దశలోనూ. కాబట్టి ఆకుమడి మంచి నేలలో పోసుకుని, నారు కాస్త ముదిరాక తీసి, కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి ఊడ్చాలి. నత్రజని మామూలు మీద పాతిక శాతం పెంచాలి. వేసవిలో ఎకరాకు 12 నుంచి 15 కిలోల జీలుగు చల్లి, పూత దశలో కలియదున్నితే ఉప్పూ తగ్గుతుంది, నేలా గుల్లబారుతుంది. జీలుగు చౌడులోనూ మొలుస్తుంది, అదే దాని గొప్ప.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ ప్రాంతంలో దున్నేవాళ్ళలో చాలామంది కౌలు రైతులు. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషిని జీలుగు వెయ్యమనీ పశువుల ఎరువు తోలమనీ ఎలా అడుగుతాం? దాని ఫలితం చేతికి వచ్చేసరికి మూడు పంటలు గడుస్తాయి. భూమి ఉన్నవాళ్ళు కౌలులో కొంత తగ్గించి అయినా నేల బాగుకు అయ్యే ఖర్చులో పాలు పంచుకోవాలి. ఇది దయకు సంబంధించినది కాదు, వాళ్ళ ఆస్తిని వాళ్ళు కాపాడుకోవడం.

మంచినీళ్ళ మాటకు వస్తే కాలువ దగ్గరికి వెళ్ళాలి. 1832, 33 కరువులో గోదావరి పక్కనే ఉన్న జనం తిండి లేక చనిపోయారు. ఆపైన 1839 తుపాను. 1844లో బ్రిటిష్ అధికారి హెన్రీ మాంట్‌గొమరీ ఈ ప్రాంత దుస్థితి మీద నివేదిక ఇచ్చాక, ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. కాటన్‌కు పిండప్రదానం చేసే ఊళ్ళు మనవి, ఆ కృతజ్ఞత న్యాయమైనదే. ఆ ఆనకట్ట నుంచి వచ్చే తూర్పు డెల్టా కాలువల చివరి నీళ్ళే మనవి. కాలువ ఆంధ్రది, ఆయకట్టు పుదుచ్చేరిది. జూన్లో నీరు వదిలితే ఎగువ చేలన్నీ తడిశాక శివారుకు చేరుతుంది, ఏప్రిల్లో కట్టేసేటప్పుడు ముందుగా ఎండేదీ శివారే. శివారు రైతుకు ఆ నీరు పంటకు తడే కాదు, ఉప్పును కడిగే నీరు కూడా. పది రోజులు ఆలస్యమైతే ఎగువ రైతుకు ఊడ్పు వెనకబడుతుంది, శివారు రైతు చేనులో ఉప్పు తిష్ఠ వేస్తుంది.

నీరు రావడం ఎంత ముఖ్యమో పోవడం అంత ముఖ్యం. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి ఉండదు. మన దగ్గర ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది, అందులో అక్టోబరు, నవంబరు తుపానుల వాటా పెద్దది. అప్పటికి వరి ఈనిక మీదో పాలు పోసుకునే దశలోనో ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను యానాన్నీ కోనసీమనూ ఎలా తుడిచిపెట్టిందో పెద్దవాళ్ళకు గుర్తే. అంత తుపాను రాకపోయినా, మామూలు వాయుగుండానికే చేలు వారం రోజులు మునిగి ఉంటున్నాయంటే మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయని అర్థం. గుర్రపుడెక్క, తూడు, ఇళ్ళ చెత్త. సముద్రంలో పోటు ఉన్నంతసేపు డ్రెయిను ఎలాగూ లాగదు, పాటు ఉన్న కొద్ది గంటల్లోనే నీరంతా పోవాలి. ఆ గంటల్లో గుర్రపుడెక్క అడ్డుపడితే ఒక రోజు పోయినట్టే. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ధర ఒక కారణమైతే మురుగు మరో కారణం.

ఇప్పుడు ఈ మూరెడు ఎత్తుతో మనమే ఆడుకుంటున్నాం. ఇళ్ళ స్థలాల కోసం పల్లాన్ని కంకరతో మెరక చేస్తున్నారు. మెరకయిన చోటు బాగానే ఉంటుంది, దాని వెనకున్న చేను నీటి గుంట అవుతుంది, ఎందుకంటే ఆ నీరు ఎప్పుడూ వెళ్ళే బోదెను పూడ్చేశారు. మరోవైపు రొయ్యల చెరువులు. ఉప్పునీటి చెరువు గట్టు పక్కన వరి ఉంటే ఊట తప్పదు. తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం 2005లో వచ్చింది, దాని నిబంధనల ప్రకారం సాగుభూమిని రొయ్యల చెరువుగా మార్చకూడదు. నిజంగా పర్రభూమి, అంటే ఉప్పుబీడు, అయిన చోట రొయ్య పెంచుకుంటే నాకు అభ్యంతరం లేదు, అది అక్కడి రైతుకు అన్నం పెడుతోంది. స్వర్ణ పండే చేనులోకి ఉప్పు తేవడం మాత్రం తప్పే. ఆ ఉప్పు తీయడానికి పట్టే ఏళ్ళు చెరువు లాభంలో ఎవరూ లెక్క కట్టరు.

పర్రకు అవతల మడ. తెల్లమడ, నల్లమడ, తిల్ల. ఇవి పోటులో రోజుకు రెండుసార్లు తడిసే బురదలో పెరిగే చెట్లు. 1978లో కోరంగిని అభయారణ్యంగా ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మడ వేళ్ళు నది తెచ్చిన బురదను పట్టి నిలుపుతాయి, తుపానులో కెరటం వేగాన్ని విరుస్తాయి. పంటభూమి కాదు కదా అని వదిలేయడానికి లేదు. ఇవాళ మడ ఉన్న చోటు, నది ఒండ్రు పోస్తూ ఉంటే, మన మనవల మనవలకు చేను కావలసినది. అయితే ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపుతున్నాయి. 1970ల నుంచి 1990ల నాటికి గోదావరి సముద్రానికి తెచ్చే ఒండ్రు చాలా తగ్గిందనీ, డెల్టా అంచున పలుచోట్ల భూమి కోతకు గురవుతోందనీ పరిశోధకులు లెక్కగట్టి చెప్పారు. ఉప్పాడలో సముద్రం ఇళ్ళను మింగడం మనం కళ్ళారా చూస్తున్నదే. అంటే పాతకాలంలో లాగా నది ఏటా వచ్చి మన నేలకు కొత్త సారం వేస్తుందని ఇక ఎదురుచూడలేం. ఉన్న పైపొరకు మనమే పెంట, పచ్చిరొట్ట, అపరాలు వెయ్యాలి.

చివరగా, దాళ్వా కోతలయ్యాక చేయవలసిన పని. మే నెలలో చేను ఖాళీగా ఉన్నప్పుడు మట్టి నమూనా తీయండి. ఎకరంలో ఎనిమిది పది చోట్ల, పైన చెత్త తుడిచేసి, పారతో ఆరంగుళాల లోతు వరకు ‘వి’ ఆకారంలో గొయ్యి తీసి, ఆ గోడ నుంచి పైనుంచి కిందికి ఒక పొర గీసుకోవాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట పోసిన చోట తీయకూడదు. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించి, నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో వేసి పేరూ సర్వే నంబరూ రాసిన చీటీ పెట్టండి. మీ చేనులో మెరకా పల్లమూ రెండూ ఉంటే ఆ రెంటినీ కలపవద్దు, రెండు సంచులు చేయండి. కొబ్బరితోటకైతే మూడడుగుల లోతుదాకా అడుగుకొక నమూనా వేరుగా తీయాలి. తెల్లపొర కనిపించే చోటు ఉంటే దానికి ఇంకో సంచి. యానాం వ్యవసాయ శాఖ కార్యాలయంలో ఇస్తే పరీక్షకు పంపి భూసార పత్రం ఇస్తారు. ఆ పత్రం చేతికి వచ్చాక ఎరువుల పేర్ల కన్నా ముందు రెండు అంకెలు చూడండి, ఉదజని సూచిక ఎంత, లవణ సాంద్రత ఎంత. లవణ సాంద్రత 4 దాటితే అది ఉప్పు నేల, జూన్లో కాలువకు నీళ్ళు రాగానే మొదటి తడి ఊడ్పుకు కాదు, కడగడానికి. ఆ నీరు బయటికి పోవడానికి మీ చేను చివర ఉన్న మురుగు బోదెను పక్క రైతుతో కలిసి మే నెలలోనే తవ్వించి ఉంచండి.